నిమ్మఉప్పు సంగతి

"మేడం, ఇందుల చారు గాచిండ్రా?"

ఆ మాట అన్నందుకు రాకేశ్ తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పుడు మరో మాట నోటికి రాలేదు. బల్ల మీద మూత విప్పిన చిన్న కాఫీ మెషిన్. దాని కడుపులోంచి గుప్పుమని చింతపండు వాసన.

బల్లకు అవతల నిలబడ్డ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"చారేంటండీ? అది ఎస్ప్రెస్సో మెషిన్. ఆన్‌సైట్‌కి వెళ్లినప్పుడు స్విట్జర్లాండ్ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను."

"స్విట్జర్లాండుల చింతపండు సుత దొరుకుతదా మేడం?"

మూల స్టూలు మీద కూర్చున్న దుకాణం పెద్దాయన రాజనర్సయ్య కిసుక్కున నవ్వాడు.

"బాగుచేస్తారా, చేయరా? చేయలేకపోతే చెప్పండి. పంజాగుట్టలో పెద్ద సర్వీస్ సెంటర్లే ఉన్నాయి."

"తీస్కపోండ్రి. ఆళ్లు సుత ముందుగాల ఇదే అడుగుతరు."

అమ్మాయి మెల్లగా గొంతు దించింది. "మా మేనత్త... లోపల తెల్లగా పెచ్చు కట్టిందని చింతపండు పులుసు పోసి మరిగించింది. ఇత్తడి బిందెలు దాంతోనే మెరుస్తాయి కదా అని."

"గట్ల జెప్పండ్రి. పాపం, అది కాఫీ మెషినని పెద్దమ్మకు ఎవ్వరన్న జెప్పిండ్రా?"

ఆమె నవ్వాలా కోప్పడాలా తేల్చుకోలేక, రసీదు మీద సుమశ్రీ అని రాసి, ఫోన్ నంబర్ వేసి వెళ్లిపోయింది.

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు అయిపోయి మధురానగర్ హాస్టళ్లు మొదలయ్యే చోట ఒక సందులో ఉంది ఆ దుకాణం. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, కుక్కర్లు, ఏదొచ్చినా చూస్తారు. ఆ రోజుల్లో అమీర్‌పేటకు ఎవరు వచ్చినా కంప్యూటర్ కోర్సుకే. రాకేశ్ కూడా జనగామ అవతలి పల్లె నుంచి డిగ్రీ పట్టా, ఒక చాప పట్టుకుని జావా నేర్చుకోవడానికే వచ్చాడు. జావా మూడు నెలల్లో వచ్చింది. ఉద్యోగం మూడేళ్లకూ రాలేదు. హాస్టల్లో పాడైన ఇస్త్రీపెట్టెతో ఈ దుకాణానికి వచ్చినవాడు, రాజనర్సయ్య స్క్రూ విప్పే తీరు చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. ఇప్పుడు దుకాణాన్ని రాకేశ్ నడుపుతున్నాడు. దుకాణానికి వచ్చేపోయేవాళ్లను రాజనర్సయ్య నడుపుతున్నాడు.

ఆ దుకాణానికి ఒక రివాజు ఉంది. చిన్న పనైతే చేసి పంపరు, నేర్పి పంపుతారు. సందు చివర బట్టలు ఇస్త్రీ చేసే మంగవ్వకు ప్లగ్గులో వైరు బిగించడం నేర్పింది రాకేశే. "నేర్పితె మళ్ల రారు గద కాకా?" అని కొత్తలో అడిగితే, రాజనర్సయ్య ఒకటే మాట అన్నాడు. "చిన్నదానికి రారు. పెద్దదానికి ఇంకెక్కడికీ పోరు."

రెండు రోజులకు మెషిన్ తయారైంది. సుమశ్రీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, మెడలో ట్యాగ్ తీయకుండానే.

"పని చేస్తుందో లేదో చూడాలంటే క్యాప్సూల్ ఉండాలి గద మేడం? అవి మా సందుల దొరకవు."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి రెండు తీసింది. ఒకటి ఊదారంగు, ఒకటి బంగారు రంగు. ఆన్‌సైట్‌కి వెళ్లొచ్చే కొలీగ్స్ చాక్లెట్లతో పాటు ఒక పెట్టె ఇవి కూడా తెచ్చిపెడతారట.

"ముందు దీంట్లో నీళ్లు," అని వెనక ట్యాంకు తీసి నింపింది. "ఇప్పుడు ఈ పిడి పైకెత్తాలి. క్యాప్సూల్ పడేయాలి. పిడి నొక్కాలి. ఇక ఈ బటన్."

"గీ గోలీలనే కాఫీ ఉంటదా?"

"పొడి ఉంటుంది. లోపల సూదులు దానికి కన్నాలు పెడతాయి. వేడినీళ్లు ప్రెషర్‌తో వెళ్తాయి."

"సూదులు నాకెరుకే మేడం. మొన్న వాటి నోట్లకెంచే గద పులుసు కక్కించిన."

మెషిన్ గుర్రుమంది. సన్నని గోధుమరంగు ధార దారప్పోగులా దిగింది. పైన తేనె రంగు నురగ కట్టింది. రాకేశ్ గ్లాసు నిండుతుందని చూస్తున్నాడు. రెండు గుక్కలు పడగానే మెషిన్ ఆగిపోయింది.

"మళ్ల ఖరాబైందా?"

"కాలేదండీ. అంతే వస్తుంది."

"గింతేనా? అది అరిచిన అరుపుకు ఎకరం దున్నుతదనుకున్న."

"తాగి చూడండి. టెస్టింగ్ అంటే పూర్తిగా చేయాలి. నా ఉద్యోగం అదే. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం."

పుట్టి బుద్ధెరిగి ఛాయ్ తప్ప తాగనివాడు ఒక గుక్క వేశాడు. వేపాకు పసరు నాలుక మీద పరుచుకున్నట్టయింది. ఆడపిల్ల ముందు ఉమ్మలేక, మింగలేక, కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుమశ్రీ నవ్వింది. చేతిలో రెండో క్యాప్సూల్ జారిపడేదాకా నవ్వింది.

అంతవరకు రాకేశ్ మంచి పనివాడు. ఆ నవ్వు తర్వాత కాదు. ఎందుకంటే, ఆమె నవ్వు ఆపుకుని అడిగిన ప్రశ్న చిన్నది. "ఆ తెల్ల పెచ్చు మళ్లీ పట్టకుండా ఏం చేయాలండీ?"

దానికి జవాబు కూడా చిన్నదే. మన బోరు నీళ్లకు నెలకోసారి పెచ్చు కడుతుంది. రెండు చెంచాల నిమ్మఉప్పు ట్యాంకు నీళ్లలో కరిగించి మెషిన్ నడిపితే పోతుంది. ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. చెప్పడానికి అర నిమిషం.

ఆ జవాబు నోటి దాకా వచ్చి మారిపోయింది.

"నెలకోపారి తీస్కరాండ్రి మేడం," అన్నాడు రాకేశ్. "నేను సాఫ్ జేసిస్త. దీనికేం పైసలొద్దు."

వెనక స్టూలు కిర్రుమంది.

అట్లా నెలనెలా మొదటి శనివారం సుమశ్రీ రావడం మొదలైంది. మెషిన్‌ని మేకపిల్లలా చంకలో ఇరికించుకుని, మెట్రో కోసం తవ్విన గుంతలు దాటుకుంటూ, రెండు క్యాప్సూల్స్ బ్యాగులో వేసుకుని. రాకేశ్ ఆమెకు వీపు తిప్పి ట్యాంకులో ఏదో కలిపేవాడు. అరగంట నానాలనేవాడు. పదిహేను నిమిషాలు చాలు. మిగతా పదిహేను నిమిషాలు మెషిన్ కోసం కాదు.

ఆ అరగంటల్లో రాకేశ్‌కు ఆమె ఇల్లంతా తెలిసిపోయింది.

"పొద్దున ఆరింటికి ఇది గుర్రుమంటుంది. కిటికీలో పావురాలు లేచిపోతాయి. పక్కనే అత్తయ్య తన ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ దింపుకుంటూ, 'నీ పిల్లి లేచిందే' అంటుంది. అది కాఫీ కాదు, కషాయం అంటుంది. కానీ నేను ఆఫీసుకి వెళ్లగానే ఏం చేస్తుందో తెలుసా? దీంతోనే ఒక కప్పు తీసి, గ్లాసుడు పాలు, మూడు చెంచాల పంచదార కలుపుకుని తాగుతుంది."

"మీకెట్ల ఎరుక?"

"వాడిన క్యాప్సూల్స్ లోపలి డబ్బాలో పడతాయి కదా. నేను తాగింది ఒకటి. సాయంత్రానికి రెండుంటాయి."

"అడగలే?"

"అడిగితే మానేస్తుంది. తాగనీండి పాపం." తల్లి పోయినప్పటి నుంచి తనను పెంచింది ఆ మేనత్తే అని ఆమె ఇంకో నెలలో చెప్పింది.

రాకేశ్ కూడా చెప్పాడు. యూసుఫ్‌గూడలో ఒక గది. ఊరి నుంచి వచ్చి తనతో ఉంటున్న తల్లి సత్తెమ్మ. ఈ మెషిన్ సంగతి చెబితే ఆమె అడిగిన మాట: "ఉగ్గుగిన్నెడు కాఫీకి గంత లొల్లినా బిడ్డా?"

మూడో నెలలో వాన దంచికొట్టింది. సుమశ్రీ నిలువునా తడిసి వచ్చింది. మెషిన్ మాత్రం పాలిథిన్ కవరులో పొడిగా ఉంది. రాకేశ్ తువ్వాలు ఇస్తే ఆమె ముందు కవరు తుడిచింది.

"మేడం, అది తడవలే. తడిసింది మీరు."

"అవునా?" అని అప్పుడు చూసుకుంది. జుట్టు కొసల నుంచి నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. రాకేశ్ చూశాడు. చూస్తున్నాడని ఆమె చూసింది. ఇద్దరూ ఒకేసారి అటకమీది మిక్సీ జార్ల వైపు తిరిగారు, అవేదో పిలిచినట్టు.

ఆ రోజు సందు కాలువైంది. గంటన్నర కదిలే దారి లేదు. అడగకుండానే రాజనర్సయ్య తన స్టూలు ఆమెకు వదిలి బయట గొడుగు కింద నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లలో ఆ స్టూలు ఇంకొకరికి దక్కడం అదే మొదలు.

ఆమె వెళ్లాక ముసలాయన లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"పిలగా, నిమ్మఉప్పు సంగతి ఆ పిల్లకు ఎప్పుడు జెప్తవ్?"

రాకేశ్ స్క్రూడ్రైవరు అందుకుని, బాగున్న మిక్సీనే విప్పసాగాడు.

"మనసైతె మనసైందని జెప్పు. తప్పేం లేదు. గని పని దాచుడు మన దుకాణంల లేదు బిడ్డా. మంగవ్వకు నేర్పినవ్, హాస్టల్ పోరగాండ్లకు నేర్పినవ్. గీ పిల్లనొక్కదాన్నే తెల్వనిదాన్ని జేసి తిప్పుకుంటున్నవ్. గదేం ఇజ్జత్?"

"చెప్తె మళ్ల రాదు కాకా."

"రాకపోవచ్చు."

"సాఫ్ట్‌వేర్ పిల్ల. నేను మిక్సీలు జేసేటోణ్ని. గీ మెషిన్ లేకుంటె నా మొకం జూసే పనేమున్నది ఆమెకు?"

నాలుగో నెల రాకేశ్ చెప్పాలనే అనుకున్నాడు. "మేడం, ఒక మాట," అన్నాడు కూడా. ఆమె కప్పు మీంచి కళ్లెత్తి "ఊఁ?" అంది. "గీ నెల కాఫీ జర తక్కువ చేదున్నది," అన్నాడు. ఐదో నెల అది కూడా అనలేకపోయాడు.

ఆరో నెల శనివారం ఇంకా రాకముందే, ఒక బుధవారం పదకొండింటికి దుకాణం ముందు ఆటో ఆగింది. నేతచీర, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో గుడ్డసంచి. సంచిలో మెషిన్.

"రాకేశ్ అంటే నువ్వేనా నాయనా? నేను సుమశ్రీ మేనత్తని. జానకీదేవి అంటారు."

రాకేశ్ లేచి నిలబడ్డాడు. "నమస్తే అమ్మా. మేడంకు పానం బాగున్నది గద?"

"నిక్షేపంగా ఉంది, ఆఫీసుకెళ్లింది. చింతపండు పోసినదాన్ని నేనే. తప్పే, ఒప్పుకున్నాను. ఇప్పుడు ఒక్క మాట అడగడానికి వచ్చాను." ఆమె మెషిన్ బల్ల మీద పెట్టింది. "నెలనెలా ఇంత బరువు మోసుకుని పిల్ల ఇక్కడిదాకా రావాలా? ఇంట్లో చేసుకునే ఉపాయం ఏదీ లేదా దీనికి?"

రాజనర్సయ్య తలెత్తి తిరగని ఫ్యాను వైపు చూడసాగాడు.

లేదమ్మా, అంటే సరిపోతుంది. ఆమె నమ్మి వెళ్లిపోతుంది. శనివారం సుమశ్రీ వస్తుంది. వచ్చే నెలా వస్తుంది. ఒక్క ముక్క. దుకాణం బయట మంగవ్వ తన ఇస్త్రీ బండి దగ్గర ప్లగ్గు విప్పి, ఎవరినీ పిలవకుండా వైరు బిగించుకుంటోంది.

"ఉన్నదమ్మా," అన్నాడు రాకేశ్.

చెప్పాడు. రెండు చెంచాల నిమ్మఉప్పు, ట్యాంకు నిండా నీళ్లు. క్యాప్సూల్ వెయ్యకుండా సగం నీళ్లు నడపాలి, పావుగంట ఆగాలి, మిగతాది నడపాలి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లు. మర్చిపోకుండా కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

"ఇంతేనా?"

"గింతేనమ్మా."

"మరి ఇన్ని నెలలు ఆ పిల్లకెందుకు చెప్పలేదు?"

రాకేశ్ తల దించుకున్నాడు. "చెప్తె రారని."

"పనిచేసి కూలి వద్దనేవాణ్ని అరవై ఏళ్లలో చూడలేదు. అందుకే అనుమానమొచ్చింది," అంది జానకీదేవి. కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. తిట్టలేదు, నవ్వలేదు. "మెషిన్ ఇటివ్వు. ఇక ఇంట్లోనే చేసుకుంటాం."

ఆటో వెళ్లిపోయింది. చాలాసేపటికి రాజనర్సయ్య లేచి రాకేశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"దా బిడ్డా, ఛాయ్ తాగుదాం. ఇయ్యాల పైసలు నావి."

ఆ శనివారం సుమశ్రీ రాలేదు. రాదని తెలిసినా రాకేశ్ దుకాణం రెండుసార్లు ఊడ్చాడు. తర్వాతి శనివారమూ రాలేదు. ఫోన్ నంబర్ రసీదు పుస్తకంలో ఉంది. ఏ మొహంతో చేస్తాడు? ఐదు నెలలు ఒక ఆడపిల్లతో అబద్ధం మోయించినవాడు అని అత్తయ్య చెప్పే ఉంటుంది. మిక్సీలు వచ్చాయి, వెళ్లాయి. మంచి పనే చేశాడు. మంచి పని చేసినందుకు ఇంత నొప్పి ఉంటుందని మాత్రం ఎవరూ నేర్పి పంపలేదు.

మూడో శనివారం వాన. రోడ్డంతా గొడుగులు. వాటిలో ఒకటి విసురుగా దుకాణంలోకి వచ్చి ముడుచుకుంది.

సుమశ్రీ చేతుల్లో మెషిన్ లేదు.

"మెషిన్ ఏది మేడం?"

"ఇంట్లో ఉంది. తళతళలాడుతోంది. అత్తయ్య కాగితం చూసుకుంటూ తనే కడిగేసింది. మీకు సంతోషమేనా?"

"మేడం..."

"ఎందుకు చెప్పారండీ?"

"తప్పయింది. మొదటి దినమే చెప్పాల్సింది. ఇన్ని నెలలు మీతోని ఉత్తగనే మోయించిన. మాఫ్ చెయ్యండ్రి."

"నేనడిగేది అది కాదు. ఎందుకు *చెప్పారు* అంటున్నాను!"

రాకేశ్‌కు అర్థం కాలేదు. రాజనర్సయ్యకు అర్థమైంది. బీడీ వెతుక్కుంటున్నట్టు నటిస్తూ బయటి అరుగు మీదికి జరిగాడు.

"నాకు తెలీదనుకున్నారా? ఎవరైనా 'మళ్లీ రండి' అంటే అందులో తప్పెక్కడుందో వెతకడమే నా ఉద్యోగం. రెండో నెలే నెట్‌లో చూశాను. కిరాణా కొట్టుకెళ్లి నిమ్మఉప్పు ప్యాకెట్ కొన్నాను. ట్యాంకులో నీళ్లు పోశాను. ప్యాకెట్ చింపబోయి ఆగిపోయాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి ఎందుకు? ఇన్ని మెషిన్లు విప్పారు, ఇంత తెలీదూ? ప్యాకెట్ బట్టల బీరువాలో అడుగున దాచి, మెషిన్ చంకలో పెట్టుకుని ఇక్కడికొచ్చాను. మీరు నాకు వీపు తిప్పి, రహస్యంగా కలుపుతుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని." ఆమె గొంతు ఒక్కసారి తడబడింది. "ఆ ప్యాకెట్ అత్తయ్యకు దొరికింది. అందరిళ్లలో బీరువాల్లో ప్రేమలేఖలు దొరుకుతాయి. నా చీరల మధ్య నిమ్మఉప్పు దొరికింది! పులిహోరకని చెప్పాను. నమ్మలేదు. మీ దగ్గరికి వచ్చింది. మీరేమో సత్యహరిశ్చంద్రుడి తమ్ముడిలా అంతా చెప్పేశారు. ఇప్పుడు ఏం వంక పెట్టుకుని రానండీ నేను? రెండు వారాలు ఆలోచించాను. మిక్సీ పాడుచేద్దామనుకున్నాను. మనసొప్పలేదు."

వాన రేకుల మీద మోగుతోంది.

"ఏ వంక లేకుండ వచ్చిండ్రు గద."

"వచ్చాను."

"సుమశ్రీ గారూ... నేను మిక్సీలు బాగుచేసేటోణ్ని. ముందుగాలనే చెప్తున్న. జావా నేర్చుకున్న గని, గిదే నా పని. గిదే ఇష్టం."

"నేను తప్పులు పట్టేదాన్ని. బాగుచేయడం నాకు రాదు. ఇంట్లో ఒక్కరికైనా వస్తే మంచిదే కదండీ."

"ఇంట్లో" అన్న మాట ఇద్దరికీ ఆలస్యంగా వినిపించింది. ఆమె కంగారులో గొడుగు బటన్ నొక్కేసింది. అది దుకాణం మధ్యలో టప్పున విచ్చుకుని రాకేశ్ మొహాన నీళ్లు చిమ్మింది. తుడుచుకోవడం కూడా మర్చిపోయి నవ్వాడు వాడు.

బయట హారన్ మోగింది. మళ్లీ మోగింది.

"ఏమే, తేలిందా?" వానలోంచి ఒక గొంతు. "ఈ డ్రైవరు వెయిటింగు అంటూ ప్రాణం తీస్తున్నాడు!"

రాకేశ్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మగారు సుత వచ్చిండ్రా?"

"తనే తీసుకొచ్చింది. రెండు వారాలు నా ఏడుపు మొహం చూడలేక."

ఆటో పరదా తొలిగింది. జానకీదేవి తల బయటికి పెట్టింది. "మా తమ్ముడు, అదే దీని నాన్న, ఏడు సంబంధాలు తెచ్చాడు నాయనా. ఏడుగురినీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఏడుగురూ తమకి లాభమొచ్చే నిజాలే చెప్పారు. నష్టమొచ్చే నిజం చెప్పినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను. మా తమ్ముడి సంగతి నేను చూసుకుంటాను. మీ అమ్మగారు ఇంట్లో ఉన్నారా?"

"యూసుఫ్‌గూడల... ఇంట్లనే ఉన్నది."

"అయితే ఎక్కు."

"ఇప్పుడా అమ్మా? దుకాణం..."

"పో బిడ్డా," అన్నాడు రాజనర్సయ్య అరుగు మీంచి. "నువ్వు పుట్టకముందు గీ షట్టర్ నేనే దించేది."

రాకేశ్ ఒక పక్క నుంచి, సుమశ్రీ ఇంకో పక్క నుంచి ఆటో ఎక్కబోయారు. జానకీదేవి ఏ మూలకూ జరగలేదు. సీటు మధ్యలో, ఒళ్లో సంచి పెట్టుకుని, నిండుగా కూర్చుంది.

"అత్తయ్యా, కొంచెం అటు జరగొచ్చు కదా."

"పెళ్లయ్యేదాకా నా చోటు ఇదే. పోనీ నాయనా, యూసుఫ్‌గూడ."

ఆటో గుంతలో దిగి లేచింది. పరదాలు ఎగిరాయి. వాన రెండు వైపుల నుంచీ కొట్టింది. ఆమె ఇటు తడిసింది, అతను అటు తడిశాడు. వెనక్కి వాలి, అత్తయ్య వీపు వెనక నుంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

మధ్యలో అత్తయ్య ఒక్కతే పొడిగా ఉంది.